పిల్లి వాళ్లది, పూలకుండీ మనది

పెంపుడు పిల్లులు గోడ దూకి పక్కింటికి వెళ్లడం మీద పెంచేవాళ్లూ రాశారు, భరించేవాళ్లూ రాశారు. ఉత్తరాలు కుదించాం. పేర్లు వేయలేదు, ఎందుకంటే ఇద్దరు ముగ్గురు ఒకే అపార్ట్‌మెంట్ వాళ్లేమో అనిపించింది!

ప్రశ్న: మాది మూడో అంతస్తు ఫ్లాట్. రెండేళ్ల గండుపిల్లి ఉంది. తలుపు తీస్తే చాలు, మెట్ల మీదుగా సెల్లార్‌లోకి పోతుంది. ఎదురింటివాళ్ల చెప్పుల స్టాండ్ మీద, కింద స్కూటర్ల మీద ఉచ్చ పోస్తోందని రోజూ గొడవ. వాళ్లు రెండు పూటలా ఫినాయిల్ పోసి కడుగుతున్నారు. అయినా అది మళ్లీ అక్కడికే పోతోంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ముందు అది ఉచ్చ పోస్తోందో, చిమ్ముతోందో చూడండి. నేల మీద కూర్చుని మడుగు చేస్తే మామూలు మూత్రమే. నిలబడి, వెనక భాగం స్టాండు వైపు తిప్పి, తోక నిటారుగా లేపి వణికిస్తూ సన్నగా కొడితే మాత్రం అది హద్దు గుర్తు. మీ ఉత్తరాన్ని బట్టి రెండోదే అనిపిస్తోంది. గండుపిల్లి మూత్రంలో ఫెలినిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉంటుంది. అది గాలి తగిలి విరుగుతున్నకొద్దీ వాసన ఘాటెక్కుతుంది. పొద్దున చిమ్మినది సాయంత్రానికి భరించలేనట్టుగా తయారవడానికి కారణం ఇదే. ఎదురింటివాళ్లు ఎక్కువ చేసి చెబుతున్నారని అనుకోకండి.

దీనికి మందు ఆపరేషన్. వృషణాలు తీసేస్తే పది గండుపిల్లుల్లో సుమారు తొమ్మిది చిమ్మడం మానేస్తాయి, లేదా బాగా తగ్గిస్తాయి. ఊరంతా తిరగడం, రాత్రిపూట పోట్లాటలు కూడా తగ్గుతాయి. మగపిల్లికి ఇది చిన్న ఆపరేషనే, చాలాచోట్ల అదే రోజు ఇంటికి పంపేస్తారు. ఎన్ని గంటల ముందు నుంచి తిండి ఆపాలో డాక్టరును అడిగి అంతే చేయండి. కూనలను ఎక్కువసేపు పస్తు ఉంచకూడదు. ఆపరేషన్ అయిన మర్నాడే వాసన పోతుందని ఎదురింటివాళ్లకు మాట ఇవ్వకండి. ఒంట్లో హార్మోన్లు తగ్గడానికి కొన్ని వారాలు పడుతుంది. చాన్నాళ్లుగా అలవాటు పడినది కాబట్టి ఇంకాస్త ఆలస్యం కావచ్చు. ఐదో నెలలోనే చేయించి ఉంటే ఈ అలవాటు మొదలయ్యేదే కాదేమో. కూన తెచ్చుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇక ఫినాయిల్ సంగతి. ఫినాయిల్ వాసన పిల్లి వాసనను మన ముక్కుకు కప్పెడుతుంది గానీ పిల్లి ముక్కుకు కాదు. పైగా తన గుర్తు మీద ఎవరో కొత్త వాసన పెట్టారని అది ఇంకోసారి చిమ్ముతుంది. వాళ్లు కడిగినకొద్దీ ఇది కొడుతుంది. అంతకంటే పెద్ద ఇబ్బంది ఇంకొకటుంది. ఫినాల్ జాతి రసాయనాలను విరిచే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తడి నేల మీద నడిచి పాదాలు నాకితే నోట్లో పుండ్లు, చొల్లు, వణుకు వస్తాయి. అమ్మోనియా ఉన్న క్లీనర్లు కూడా వద్దు, వాటి వాసన మూత్రం వాసనకే దగ్గర.

శుభ్రం చేసే పని మీరే తీసుకోండి. సగం గొడవ అక్కడే చల్లారుతుంది. పాత గుడ్డతో తడి పీల్చేయండి, రుద్దకండి. మామూలు నీళ్లతో ఒకసారి తుడవండి. తర్వాత పెంపుడు జంతువుల మరకల కోసం అమ్మే ఎంజైమ్ క్లీనర్‌తో ఆ చోటు బాగా తడిసేలా కొట్టి, కనీసం పావుగంట తడిగా ఉంచి, దానంతటదే ఆరనివ్వండి. ఎంజైములు పని చేసేది తడి ఉన్నంతసేపే. వెంటనే తుడిచేస్తే డబ్బు దండగ. క్లీనర్ దొరక్కపోతే, ప్యాకెట్ మీద ఎంజైములు ఉన్నాయని రాసిన బట్టల పౌడరు ఒక వంతుకు తొమ్మిది వంతుల గోరువెచ్చని నీళ్లు కలిపి వాడండి, తర్వాత మంచినీళ్లతో కడగండి. గోడ మీద నేల నుంచి రెండడుగుల ఎత్తు వరకూ చేయాలి. చిమ్మినది పైనుంచి కారుతుంది, మనకు కనిపించేది కిందికి దిగిన మరకే. నిమ్మతొక్కలు, బెల్లంతో ఇంట్లో చేసుకునే బయో ఎంజైమ్ పులుపు ద్రవం. దాన్ని మార్బుల్ మీద పోస్తే పాలిష్ పోతుంది. మరమ్మతు ఖర్చు అడిగితే అదో కొత్త గొడవ.

ఆపరేషన్ తర్వాత ఒక నెల అయినా బయటికి వదలకండి. చెప్పుల స్టాండుకు తలుపులు పెట్టించుకోమని ఎదురింటివాళ్లను అడగొచ్చు. కానీ ఆ ఖర్చు మీరు పెట్టుకుంటామని చెప్పి అడగండి.

ప్రశ్న: పక్కింటి పిల్లి మా కొత్తిమీర, పుదీనా కుండీలను దొడ్డిగా వాడుకుంటోంది. అమ్మాయి పురిటికి వచ్చింది, ఐదో నెల. పిల్లి మలం వల్ల కడుపులో బిడ్డకు ప్రమాదమని ఎవరో చెప్పారు. కుండీల్లో నాఫ్తలీన్ ఉండలు వేస్తే రాదంటున్నారు. వేయవచ్చా?
– ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: నాఫ్తలీన్ వద్దు. పిల్లికి రక్తకణాలు, కాలేయం దెబ్బతింటాయి. పిల్లి మీద జాలి లేకపోయినా, ఇంటికి వచ్చే చిన్నపిల్లల కోసమైనా మానండి. బిళ్ల అనుకుని నోట్లో పెట్టుకుంటే, ముఖ్యంగా జి6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లల్లో ఎర్ర రక్తకణాలు పగిలి ప్రాణం మీదికి వస్తుంది. పుదీనా మనం పచ్చిగా తినే ఆకు అన్న మాట సరేసరి.

మీరు విన్నది టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గురించి. భయం నిజమే, కానీ కొలతలో ఉండాలి. ఒక పిల్లి సాధారణంగా మొదటిసారి సోకినప్పుడు ఒకటి రెండు వారాలు మాత్రమే మలంలో ఈ పరాన్నజీవిని వదులుతుంది. తాజా మలం వెంటనే అంటించదు, అంటించే దశకు రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. అయితే మట్టిలో కలిశాక నెలల తరబడి బతికి ఉంటుంది. అందుకని పిల్లిని ముట్టుకోవడం కంటే ఆ కుండీ మట్టిని పెళ్లగించడమే ఎక్కువ ప్రమాదం. కుండీల పని అమ్మాయి చేత చేయించకండి. మీరు చేసినా గ్లౌజులు వేసుకోండి, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి. పిల్లి తవ్విన కుండీల్లోని ఆకు ఈ కాన్పు అయ్యేదాకా కోయకండి. బజారు కొత్తిమీరనూ ధారగా నీళ్లు పోసి కడగాలి, మాంసం బాగా ఉడకాలి. ఈ జబ్బు ఆ దారుల్లోనూ వస్తుంది. టాక్సోప్లాస్మా రక్తపరీక్ష అవసరమా అని డాక్టరమ్మను అడగండి.

కుండీల కాపలాకు వాసనలకన్నా అడ్డంకులు మేలు. పిల్లికి కావలసింది పొడిగా, గుల్లగా ఉండే మట్టి. కోళ్ల జాలీని కుండీ నోటికి సరిపడా కత్తిరించి, కొనలు కిందికి వంచి మట్టి మీద పరిచి, పైన అరంగుళం మట్టి కప్పండి. మొక్కలు కన్నాల్లోంచి వస్తాయి, పిల్లి పంజా తవ్వలేదు. జాలీ లేకపోతే కొబ్బరి చీపురు పుల్లలు ముక్కలుగా విరిచి మూడేసి అంగుళాల దూరంలో గుచ్చండి. మొద్దు కొన పైకి ఉండాలి, లేకపోతే వంగినప్పుడు మన కంట్లోనే గుచ్చుకుంటుంది. పెద్ద కుండీల్లో గులకరాళ్లు పరిస్తే చాలు. నారింజ తొక్కలు, కాఫీ పిప్పి రెండు రోజుల ముచ్చట.

పక్కింటావిడతో మాట్లాడేటప్పుడు "మీ పిల్లిని కట్టేయండి" అనకుండా, వాళ్ల దొడ్లో ఓ మూల నీడ పట్టున రెండడుగుల చతురస్రంలో నాలుగంగుళాల లోతు ఇసుక పోయమని అడగండి. తమ చోటనే మెత్తటి ఇసుక ఉంటే చాలా పిల్లులు గోడ దూకే శ్రమ పడవు. రోజూ తీసి పారేసే బాధ్యత మాత్రం వాళ్లదే.

ప్రశ్న: కారు బానెట్ మీద గీతలు. పై ఫ్లోర్ వాళ్ల పిల్లిదే పని. పెయింటింగ్ ఖర్చు అడగొచ్చా?
– హనుమకొండ

జవాబు: అడగొచ్చు. అయితే ఆ పిల్లే అని చూపించాలి. సెల్లార్‌లో సీసీ కెమెరా ఉంటే ఆ ముక్క దాచండి. బండి ఆపిన వెంటనే బానెట్ వెచ్చగా ఉంటుంది కాబట్టి ఎక్కుతాయి, జారినప్పుడు గోళ్లు దిగుతాయి. బాడీ కవర్ వేస్తే సమస్య అక్కడితో సరి. వాళ్ల చేత కవర్ కొనిపించడం, పెయింటింగ్ డబ్బు వసూలు చేయడం కంటే తేలిక. వానాకాలంలో బండి తీసేముందు బానెట్ మీద రెండు దెబ్బలు కొట్టండి, కూనలు ఇంజన్ పక్కన దూరి పడుకుంటాయి.

ప్రశ్న: పక్కింటి పిల్లి మా ఆరేళ్ల బాబును గీరింది. కొద్దిగా రక్తం వచ్చింది. "మా పిల్లికి ఇంజెక్షన్లు అన్నీ చేయించాం, ఏం కాదు" అంటున్నారు. అత్తయ్య పసుపు, సున్నం పెట్టారు. చాలా?
– గుంటూరు

జవాబు: చాలదు. ఇది చదివే సమయానికి ఆసుపత్రికి వెళ్లకపోయి ఉంటే వెంటనే వెళ్లండి, ఆలస్యమైందని మానకండి. రేబిస్ పిల్లి నుంచీ వస్తుంది, లక్షణాలు మొదలయ్యాక దానికి వైద్యం లేదు.

ఎవరికి జరిగినా మొదటి పని కుళాయి ధార కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగడం. గడియారం చూసి కడగండి, పదిహేను నిమిషాలు అనుకున్నదానికంటే చాలా ఎక్కువసేపు. తర్వాత పొవిడోన్ అయోడిన్ అనే క్రిమినాశిని రాయాలి. పసుపు, కారం, సున్నం, కాఫీ పొడి ఏదీ పెట్టకూడదు, అవి గాయాన్ని రేపి వైరస్‌ను లోపలికి పంపుతాయి. రేబిస్ ముప్పును బట్టి డాక్టర్లు గాయాలను మూడు కేటగిరీలుగా చూస్తారు. రక్తం రాని గీరుడు రెండో కేటగిరీ, టీకా చాలు. రక్తం వచ్చింది కాబట్టి మీ బాబుది మూడో కేటగిరీ. టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ను ఎదుర్కొనే తయారు ప్రతిరక్షకాలు) కూడా ఇస్తారు. మొదటి రోజు ఇవ్వలేకపోతే, మొదటి టీకా వేసిన ఏడు రోజుల లోపు ఇవ్వాలి. ప్రభుత్వాసుపత్రుల్లో చర్మంలోకి ఇచ్చే టీకా 0, 3, 7, 28 రోజుల్లో, కండకు ఇచ్చేదైతే 0, 3, 7, 14, 28 రోజుల్లో. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు నారాయణగూడలోని ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) కూడా టీకా వేస్తారు.

పిల్లి యజమానులు చేయాల్సింది: టీకా కార్డు డాక్టరుకు చూపించడం, పిల్లిని పది రోజులు ఇంట్లోనే ఉంచి గమనించడం. పది రోజులకూ అది ఆరోగ్యంగా ఉంటే మిగతా డోసుల గురించి డాక్టరే నిర్ణయిస్తారు. అప్పటిదాకా టీకాలు ఆపకూడదు. ఈ పది రోజులూ పిల్లిని ఎక్కడో వదిలేసి రావడం అన్నిటికంటే పెద్ద తప్పు, గమనించడానికి పిల్లే ఉండదు. వారం నుంచి మూడు వారాల మధ్య బాబుకు చంకలోనో మెడ దగ్గరో బిళ్ల కట్టి జ్వరం వస్తే గీరిన సంగతి డాక్టరుకు చెప్పండి. పిల్లి గీరుడు జ్వరం వేరే ఉంది, దాని మందులు వేరు.

పిల్లులు పెంచేవాళ్లకు ఒక మాట. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా, ఆపైన ఏటా. ఏటా జులై 6న, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బులు) దినం రోజు పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తుంటారు. కుక్కలకే అనుకుని చాలామంది పిల్లుల్ని తీసుకెళ్లరు. కార్డు ఫొటో ఫోన్‌లో ఉంచుకోండి.

ప్రశ్న: మా అసోసియేషన్ మీటింగులో "ఎవరూ పిల్లుల్ని పెంచకూడదు, బయట కనిపిస్తే పట్టి ఊరి చివర వదిలేస్తాం" అని తీర్మానం చేశారు. చెల్లుతుందా?
– విశాఖపట్నం

జవాబు: రెండు ముక్కలుగా చూడాలి. పెంచకూడదన్న మాట నిలబడడం కష్టం. జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మెజారిటీ తీర్మానంతో పెంపుడు జంతువును నిషేధించడం కుదరదు. అవి కుక్కలను దృష్టిలో పెట్టుకుని రాసినవే. అయినా పిల్లి విషయంలో వేరే న్యాయం ఉంటుందని చెప్పడానికి ఆధారం కనిపించదు. పట్టి వదిలేస్తామన్నది మాత్రం నేరుగా చిక్కుల్లో పడే పని. పెంపుడు పిల్లి ఒకరి ఆస్తి. దాన్ని చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టమూ ఉంది. అందులో మొదటి తప్పుకు జరిమానా పది నుంచి యాభై రూపాయలు. అరవై ఏళ్లు దాటినా అంతే, ఎవరూ భయపడరు. కాబట్టి పిల్లిని చంపడం, విషం పెట్టడం, అవిటిదాన్ని చేయడం జరిగితే ఫిర్యాదులో 325ను కూడా రాయాలి.

అలాగని పెంచేవాళ్లకు పూర్తి స్వేచ్ఛ అనుకోవద్దు. మెట్ల మీద మలం, స్కూటర్ల మీద మూత్రం న్యూసెన్సే. శుభ్రం చేయించి ఆ ఖర్చు మీ మెయింటెనెన్సులో కలుపుతామంటే కాదనడం కష్టం. తీర్మానం రద్దు చేయమని వాదించే బదులు, దాని బదులు ఇంకోటి రాసుకెళ్లండి: ప్రతి పెంపుడు పిల్లికీ ఆపరేషన్, ఏటా రేబిస్ టీకా, మెడలో నంబరు పట్టీ, సాయంత్రం ఏడు నుంచి పొద్దున ఆరు వరకు ఇంట్లోనే, ఖరాబు చేస్తే యజమాని అదే రోజు కడగాలి. నిషేధం కోరేవాళ్లలో చాలామందికి కావలసింది ఈ ఐదే. పట్టీ మాత్రం లాగితే విడిపోయే క్లిప్పు ఉన్నదే కొనండి, లేకపోతే కొమ్మకు తగులుకుని ఉరి పడుతుంది. ఇక పిల్లి ఎదురొచ్చిందని పని మీద వెళ్లనివాళ్లు ఒకరిద్దరు ప్రతి కమిటీలోనూ ఉంటారు. వాళ్లతో చట్టం మాట్లాడి లాభం లేదు.

ఏ ఇంటి పిల్లో తెలియకపోతే, కాగితం పట్టీ మీద "ఇది మీ పిల్లి అయితే ఈ నంబరుకు చెప్పండి" అని రాసి మెడలో వదులుగా అతికించండి. యజమాని ఉంటే సాధారణంగా రెండు మూడు రోజుల్లో ఫోన్ వస్తుంది.

ప్రశ్న: గొడవ పడలేక పిల్లిని ఇంట్లోనే ఉంచుదామని బాల్కనీకి పావురాల వల వేయించాం. వారంలో కొరికి బయటపడింది. రాత్రంతా తలుపు దగ్గర అరుస్తోంది.
– మియాపూర్

జవాబు: పావురాల వల పావురాల కోసమే. సన్న నైలాన్ దారాన్ని పిల్లి నమిలేస్తుంది. అందులోనూ పనివాళ్లు అడుగుకో కొక్కెం కొడతారు, మధ్యలో వల కుంగి సందు వస్తుంది. కొక్కేల మధ్య ఆరంగుళాలకు మించకుండా, అంచు పొడవునా తీగ లాగి కట్టించండి. కింద నాలుగడుగులు అంగుళం గళ్ల వెల్డ్ మెష్ వేయించి, పైన వల ఉంచితే ఖర్చు కలిసివస్తుంది. ఇన్విజిబుల్ గ్రిల్ అని వేస్తున్న స్టీలు తీగలకు మధ్య రెండు మూడు అంగుళాల ఖాళీ ఉంటుంది, కూన సులువుగా దూరుతుంది. అది పిల్లల కోసం చేసినది, పిల్లి కోసం కాదు. ఎత్తు నుంచి పడిన పిల్లి చాలాసార్లు కాళ్ల మీదే దిగుతుంది అనేది నిజమే, కాళ్లు, దవడ విరగకుండా దిగుతుందని మాత్రం కాదు.

అరుపుల గురించి. పిల్లి చురుగ్గా ఉండేది తెల్లవారుజామున, మునిమాపు వేళ. ఆ సమయాల్లో బయట ఏదో వేటాడుతూ ఉండేది, ఇప్పుడు ఆ ఓపిక అంతా తలుపు మీద చూపిస్తోంది. రాత్రి పడుకునేముందు తాడుకు ఈకో గుడ్డ ముక్కో కట్టి పది పదిహేను నిమిషాలు పరుగెత్తించి, వెంటనే కడుపు నిండా పెట్టండి. అరిచినప్పుడు లేచి తలుపు తీయడం గానీ, తిట్టడం గానీ, తిండి పెట్టడం గానీ చేయకండి. ఒక్కసారి తీసినా ఇంకో వారం అరుస్తుంది. సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుతుంది. ఆడపిల్లి అయి, ఆపరేషన్ కాకపోతే అది ఎద అరుపు కావచ్చు. మన వాతావరణంలో రెండు మూడు వారాలకోసారి తిరిగి వస్తూనే ఉంటుంది, ఎంత ఓపిక పట్టినా లాభం లేదు.

మట్టికి అలవాటైన పిల్లి లిట్టర్ తొట్టిని లెక్కచేయదు. మొదటి రెండు వారాలు లిట్టర్‌లో సగం తోట మట్టి కలిపి, రోజూ కొంచెం తగ్గించుకుంటూ రండి. లోతు రెండంగుళాలు, తొట్టి పిల్లి పొడవుకు ఒకటిన్నర రెట్లు. తిండి గిన్నె పక్కన పెట్టకూడదు. ఒక పిల్లికి రెండు తొట్లు, రెండు పిల్లులకు మూడు. గోళ్లు గీరే స్తంభం మూడడుగుల ఎత్తుండాలి. ఒళ్లంతా సాగదీసుకోలేని పొట్టి స్తంభం వదిలేసి సోఫాకు వస్తుంది.

ప్రశ్న: లండన్ నుంచి కాన్‌బెరా వచ్చాం. అక్కడ మా పిల్లి వీధంతా తిరిగేది, ఎవరూ ఏమీ అనలేదు. ఇక్కడ పక్కింటాయన అధికారులకు చెబుతానంటున్నాడు.
– కాన్‌బెరా

జవాబు: చెప్పే హక్కు ఆయనకుంది. ఇంగ్లండ్‌లో 2024 జూన్ 10 నుంచి ఇరవై వారాలు నిండిన పెంపుడు పిల్లికి మైక్రోచిప్ తప్పనిసరి చేశారు గానీ తిరగడం మీద ఆంక్ష లేదు. కాన్‌బెరాలో 2022 జులై 1న, ఆ తర్వాత పుట్టిన పిల్లుల్ని యజమాని ఆవరణ దాటనివ్వకూడదు. అంతకుముందు పుట్టినవైనా, నిర్బంధ ప్రాంతాలుగా ప్రకటించిన సబర్బుల్లో ఇదే నియమం. పట్టీతో నడిపించడం, బోనులో తీసుకెళ్లడం సరే. స్థానిక పక్షులు, బల్లి జాతులు పిల్లులకు బలవుతున్నాయన్నది అక్కడి కారణం. మీ పిల్లి పుట్టిన తేదీ, మీ సబర్బు చూసుకోండి.

ప్రశ్న: కింది ఫ్లోర్ వాళ్లు ఎలుకల మందు పెట్టారు. కావాలని పెట్టారో లేదో తెలియదు. మా పిల్లి తింటే ఎలా తెలుస్తుంది?
– విజయవాడ

జవాబు: ఏ మందో ముందు అడగండి, పోట్లాట తర్వాత. బ్రొమాడియోలోన్ కేకులైతే తిన్న రోజు ఏమీ కనిపించదు. మూడు నుంచి ఐదు రోజులకు నీరసం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కు నుంచో చిగుళ్ల నుంచో రక్తం. విరుగుడు విటమిన్ కె1 ఉంది, వారాల తరబడి ఇవ్వాలి. రెండు రోజులకే తేరుకుందని ఆపేస్తే మళ్లీ రక్తస్రావం మొదలవుతుంది. జింక్ ఫాస్ఫైడ్ పొడి అయితే గంటల వ్యవహారం. కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫిన్ వాయువు పుడుతుంది, దానికి విరుగుడు లేదు. తిండి పెట్టకండి, తింటే ఆమ్లం ఊరి వాయువు పెరుగుతుంది. ఉప్పునీళ్లు పోసి కక్కించే ప్రయత్నం ఏ మందుకైనా వద్దు. కారులో తీసుకెళ్తూ కక్కితే అద్దాలు దించండి, ఆ వాయువు మనకూ విషమే. లబ్బీపేటలోని ఎన్టీఆర్ పశువైద్యశాలకు గానీ దగ్గర్లోని డాక్టరు దగ్గరకు గానీ మందు ప్యాకెట్ పట్టుకునే వెళ్లండి. ఏ మందో తెలియకపోతే సగం వైద్యం ఊహతోనే చేయాలి.

ఎలుకలు ఆ ఇంట్లో నిజంగానే ఉండవచ్చు. మందు పెట్టుకోనివ్వండి, కానీ తాళం వేసే ప్లాస్టిక్ ఎర పెట్టెలో పెట్టమనండి. పిల్లి మూతి పట్టదు. మందు తిని మత్తుగా తిరిగే ఎలుకను పిల్లి పట్టి తినే ప్రమాదం దీనితో కూడా పోదు, కాబట్టి పెట్టె పెట్టిన రోజు నుంచి రెండు వారాలు మీ పిల్లి బయటికి వెళ్లకూడదు. ఏ రోజు పెట్టేదీ ముందే చెప్పమని వాట్సాప్ గ్రూపులో రాసి అడగండి. "సరే" అన్న జవాబు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.